ఈరమ్మను కోసిగిలో దించి వచ్చిన రోజు

మలయా నుంచి పిల్లలతో సెలవు మీద వచ్చి, రాయలసీమ లోపలి ఊళ్లకు పోవాలనుకునే తల్లులకు దారీ, బండ్ల వేళలూ తెలుస్తాయని ఇది రాస్తున్నాను. అదొక కారణం. రెండో కారణం ఏమిటంటే, ఆ ఊరికి పోయి వచ్చి రెండు వారాలు దాటినా నా సిగ్గు తగ్గలేదు. మా అమ్మతో చెప్పుకుందామంటే ఆమె నన్నే వెనకేసుకొస్తుంది. అందుకని ముక్కూ మొహం తెలియని మీతో చెప్పుకుంటున్నాను.

మా ఆయన మలయాలో ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరు. మాకు ఇద్దరు పిల్లలు. సరోజకు ఐదేళ్లు నిండబోతున్నాయి, రాముకు రెండున్నర. తోటలో మా ఇంటి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఆడమనిషి లేదు. రోజూ మధ్యాహ్నం మూడు దాటితే వాన. ఉతికిన గుడ్డలు ఆరవు, పిల్లల జలుబు తగ్గదు. అలాంటి చోట ఇద్దరిని పెంచి పెద్ద చేస్తున్నానని పుట్టింట్లో గొప్పలు పోతుంటాను గానీ, పెంచింది నేను కాదు, మా ఆయా ఈరమ్మ. వాళ్లకు నీళ్లు పోసేదీ, అన్నం తినిపించేదీ, జ్వరం వస్తే ఒళ్లో వేసుకుని కూర్చునేదీ ఆమే. చివరికి నా పిల్లలకు మాటలు కూడా ఆమెవే వచ్చాయి. ఈసారి మైదుకూరులో దిగగానే సరోజ మా అమ్మను చూసి "అవ్వా, నువ్వు యాడికి పోతాండావు?" అంటే ఇల్లంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఈరమ్మను కుదుర్చుకున్నది నాలుగేళ్ల కిందట, సరోజ ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు. మైదుకూరులో మా నాన్నది వేరుశెనక్కాయల వ్యాపారం. కాయలు కొట్టడానికి ఏటా కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి కూలి జనం వచ్చి మా మండీ వెనక దిగుతారు. కరువు నేల కదా, ఇలా కొన్ని నెలలు ఊరు వదిలి పనికి పోవడాన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. పనయ్యాక గింజల మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగిపోతారు. వాళ్లలో ఈరమ్మ శుభ్రం, నిదానం నాకు నచ్చాయి. నేనడిగింది ఒకే ప్రశ్న, చంటిబిడ్డ ఉందా అని. చంటిబిడ్డ తల్లికి మనసు ఇంటి మీదే ఉంటుంది, అలాంటిదాన్ని ఓడ ఎక్కించకూడదని మా వాళ్లందరి నియమం. "లేదక్కా, నాకెవురూ లేరు. మొగుడు సచ్చిపోయినాడు" అంది ఈరమ్మ. ఆ నియమమే ఆమెతో ఆ మాట అనిపించిందని అప్పుడు నాకు తట్టలేదు.

ఓడలో మూడో రోజు నేను వాంతులతో లేవలేక పడి ఉన్నాను. సరోజ ఏడ్చినప్పుడల్లా ఈరమ్మ రవిక ముందు భాగం తడిసిపోయేది. పైట కింద పాత చీర పేలిక బిగించి కట్టుకునేది. ఏమైంది అంటే "సముద్రం నీళ్లు చిందినాయక్కా" అంది. మేమున్నది ఓడ కింది అరలో, అక్కడికి సముద్రం నీళ్లు రావు. నాకు తెలియలేదని రాస్తే పచ్చి అబద్ధం. ఒక బిడ్డను కన్నదాన్ని, పాలు ఇంకిపోవడానికి కట్టుకునే కట్టు నాకు తెలియదా? ఇంకోసారి అడిగితే ఆమె నిజం చెబుతుంది. చెబితే నేనేదో ఒకటి చేయాల్సి వస్తుంది. అందుకని గోడ వైపు తిరిగి పడుకున్నాను. అలా నాలుగేళ్లు పడుకున్నాను.

ఈసారి సెలవులో మైదుకూరు చేరిన వారానికే గుట్టు బయటపడింది. కాయలు కొట్టడానికి వచ్చిన ముసలామె ఒకతె ఈరమ్మను గుర్తుపట్టి, మా అందరి ముందే "ఏమే ఈరమ్మా, నీ కూతురు లచ్చిమి పెద్దదయిండాది. ఒగతూరన్నా చూసిపోవా?" అంది. ఈరమ్మ నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి "ఒక్కతూరి చూసొస్తానక్కా" అని మాత్రం అంది. నేను తోడుగా వస్తానన్నాను. కాపలాగా వస్తానని అనాల్సింది. ఒంటరిగా పంపితే తిరిగి రాదేమోనని నా భయం. వచ్చే నెలలో ఓడ ఉంది, ఈ ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే ఆ తోటలో ఏమైపోతానో అని. పిల్లలను కూడా తీసుకుపోదామన్నాను. వాళ్లు వెంట ఉంటే ఆమె ఆగిపోదని లెక్క వేసుకున్నాను.

ఇక దారి సంగతి. మైదుకూరు నుంచి కడపకు తెల్లవారుజామున ఐదున్నరకు బస్సు ఉంది. మనిషికి పన్నెండణాలు, ఒళ్లో పిల్లలకు టికెట్టు లేదు. కర్నూలు మీదుగా బస్సులు మారుతూ పోవచ్చునా అని డ్రైవర్ను అడిగాను. "వద్దు తల్లీ, కర్నూలు రాజధాని అయినప్పటినుంచి ఆ బస్సుల నిండా గుమాస్తాలే. ఆడ గుడారాల్లో ఆఫీసులు పెట్టినారంట, వాల్లకే చోటు సాలడం లేదు. పిల్లోల్లతో రైల్లో పోండి" అన్నాడు. మంచి సలహానే. కడపలో ఎనిమిది గంటల బండి పట్టుకుంటే గుంతకల్లుకు మూడో తరగతిలో మూడు రూపాయల పైచిల్లర. తాడిపత్రి దాటాక ఎండ పెట్టెలోకి నేరుగా కొడుతుంది, ఉత్తరం వైపు కిటికీ చూసుకోండి. మధ్యాహ్నం మూడింటికి గుంతకల్లులో దిగాం. కోసిగి బండి మళ్లీ మర్నాడు పొద్దున ఆరున్నరకు. ఆడవాళ్ల వెయిటింగ్ రూములో పడుకోవచ్చు, నీళ్లకు ఇబ్బంది లేదు.

పొద్దున నేను లేచేసరికి ఈరమ్మ కుళాయి దగ్గర తలంటుకుని, జడ వేసుకుని, మూట విప్పి ఒక గౌను తీసి మడతలు సరిచేస్తోంది. నీలం రంగుది, మెడ చుట్టూ తెల్ల లేసు. మేము ఓడ ఎక్కే పెనాంగు రేవులో కుట్టించిందట, నాకు తెలియనే తెలియదు. కొలత ఎలా ఇచ్చావంటే "మన సరోజ కొలతే ఇచ్చినానక్కా, ఇద్దురూ ఒక ఈడోల్లే గదా" అంది. నేను బండి వచ్చిందేమో చూస్తానని బయటికి పోయాను. దారిలో ఆదోని స్టేషన్లో బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి, పొట్లం రెండణాలు. పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పాలి. ఈరమ్మ ఏమీ ముట్టలేదు.

కోసిగిలో తొమ్మిదింటికి దిగాం. ఈరమ్మ పల్లె అక్కడికి మూడు మైళ్లు. స్టేషన్ బయట ఎద్దుల బండ్లుంటాయి, పోనూ రానూ రూపాయిన్నర. మా బండి తోలింది మస్తాన్ సాబు అనే పెద్దాయన. ఈరమ్మను చూడగానే "అరే, నువ్వు ఈరమ్మవు గదా! బతికే ఉండావా తల్లీ? ఈ పిల్లోల్లు నీవేనా?" అన్నాడు. రాము అప్పటికే ఆమె చంకెక్కి కూర్చున్నాడు. ఈరమ్మ వాడిని సర్దుకుని బండెక్కింది. సరోజే "కాదు తాతా, మేము ఆమెవి కాదు. ఈరమ్మే మాది" అంది. మస్తాన్ సాబు నన్నోసారి వెనక్కి తిరిగి చూసి ఎద్దులను అదిలించాడు.

ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. తాళం లేని ఇళ్ల వాకిళ్లకు ముళ్లకంపలు అడ్డం పెట్టి ఉన్నాయి. చేతనైన వాళ్లంతా సుగ్గికి పోయారు, ముసలివాళ్లూ పిల్లలూ మిగిలారు. ఈరమ్మ తల్లి వాకిట్లో జొన్నరొట్టెలు తడుతోంది. ఆమె పక్కన ఎండిన చేతులు, ఎర్రబడ్డ జుట్టుతో ఒక పిల్ల రొట్టె ముక్క నములుతూ మమ్మల్ని చూసింది. ఈరమ్మ ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది. రెండడుగులు వేసి రామును దించబోయింది. వాడు కొత్తచోటు చూసి బెదిరి ఆమె మెడ గట్టిగా పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. సరోజ ఆమె కొంగు వదల్లేదు. నేను వచ్చి వాళ్లిద్దరినీ లాక్కోవాలి. అది తెలిసి కూడా గొడుగు ముడుచుకుంటూ నిలబడ్డాను. నేనెత్తుకుంటే రాము ఇంకా ఎక్కువ ఏడుస్తాడు, నలుగురిలో పరువు పోతుందని. ఆ తల్లి నాలుగేళ్ల తర్వాత కూతురి ముందు నా కొడుకును ఎత్తుకుని నిలబడింది, నేను నా పరువు చూసుకున్నాను.

ముసలామె పిండి చేతులతోనే లేచి "లచ్చిమీ, పోవే, మీ యమ్మ వచ్చిండాది, పో!" అని పిల్లను ముందుకు తోసింది.

ఆ పిల్ల కదల్లేదు. ఈరమ్మనూ, చంకలో రామునూ, కొంగు పట్టుకున్న సరోజనూ వరసగా చూసింది. "మా యమ్మ సుగ్గికి పోయిండాది. వస్తే జొన్నలు తెస్తాది. ఈమె పిల్లోల్లను తెచ్చుకొనిండాది" అని, అవ్వ వెనక్కి పోయి దాక్కుంది.

సుగ్గికి పోయిన ఆడవాళ్లు మూటలతో తిరిగి రావడం ఆ పిల్ల ఏటా చూస్తూనే ఉంది కదా. తన తల్లి కూడా అలాగే వస్తుందని నాలుగేళ్లుగా చెబుతూ వచ్చారు. గౌను చూపిస్తే దగ్గరికి రాలేదు. ముసలామె బలవంతంగా తొడిగితే మడమల దాకా జారింది. మా సరోజ వయసు పిల్లే, మా సరోజలో సగం లేదు. అప్పుడు నా మనసులో కలిగింది జాలి కాదు. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. హమ్మయ్య అనిపించింది. పిల్ల దగ్గరికి రాలేదు కాబట్టి ఈరమ్మ నాతో వచ్చేస్తుందనిపించింది.

ముసలామె మాకు వేడి రొట్టెలు, బెల్లం, గేదె పాలు పెట్టింది. ఆ ఇంట్లో గేదె లేదు, పాలు ఎక్కడినుంచి తెచ్చిందో నేనడగలేదు. ఈరమ్మ అలవాటుగా కూర్చుని రొట్టె పాలల్లో మెత్తగా పిసికి, ఒక ముద్ద రాముకు, ఒక ముద్ద సరోజకు పెట్టసాగింది. గుమ్మం పక్కన నిలబడి లచ్చిమి ఆ చేతినే చూస్తోంది. ఈరమ్మకు ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. పళ్లెం నా ముందు పెట్టి "మీరు పెట్టండక్కా" అంది.

"అమ్మకు రాదు" అంది సరోజ. ముసలామె తల వంచుకుంది, నన్ను చూడకుండా.

మూడింటికి మస్తాన్ సాబు బండి కట్టాడు. ఐదింటికి గుంతకల్లు వైపు బండి. "పోదాం లే ఈరమ్మా" అన్నాను. "నేను రానక్కా" అంది. కోపం చూపించలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. నాకే నోరు అదుపు తప్పింది. "ఆ పిల్ల నీ మొహమే చూడ్డంలేదు గదా, ఈడుండి ఏం చేస్తావు?" అన్నాను. ఎంత నీచమైన మాటో అంటుండగానే తెలిసింది.

"సూడదు. ఎట్ల సూస్తాదక్కా? నేను ఎవురో దానికి తెల్దు గదా. తెలిసేదాకా ఈడనే ఉంటా" అంది. తర్వాత "ఓడలోనే మీకు తెలిసిపోయింది గదక్కా. మీరు ఒక్కమాట అడిగింటే చెప్తాంటి. అడుగుతారేమో, తిరిగి పంపిస్తారేమో అని శానా దినాలు సూస్తి" అంది.

ఆమె ఇంకో మాట దెప్పకుండా రామును నా చేతుల్లో పెట్టి, నా కొడుకు గురించి నాకు చెప్పింది. వాడు ఎడం పక్కకు తిరిగితేనే నిద్రపోతాడట. నిద్రలో చెవి పట్టుకుంటే ఆకలేసినట్టట. పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైతే ఉమ్మేస్తాడట. సరోజకు చీకటంటే భయమట, ఆ సంగతి అమ్మకు చెప్పొద్దని ఆ పిల్ల ఒట్టు వేయించుకుందట. నేను బడిపిల్లలా తలూపుతూ విన్నాను.

బండి కదిలాక రాము "ఈరమ్మా, ఈరమ్మా" అని వెనక్కి వాలిపోతూ అరిచాడు. ఆమె గబగబా లోపలికి పోయింది. అరుపులకు లచ్చిమి గౌను ఎత్తిపట్టుకుని బయటికి వచ్చి, వాడిని చాలాసేపు చూసింది. ఆ పిల్ల కూడా ఒకప్పుడు ఇలాగే అరిచి ఉంటుంది. అప్పుడు దాని తల్లి ఒళ్లో ఉన్నది నా పిల్ల. కోసిగి స్టేషన్ దాకా రాము ఏడుపు ఆపలేదు. మస్తాన్ సాబు ఒక్కసారి మాత్రం "ఊరుకో నాయనా, మీ యమ్మ ఉండాది గదా" అన్నాడు. అది వాడితో అన్నాడో నాతో అన్నాడో నేనడగలేదు.

ఇప్పుడు మైదుకూరులో పిల్లలకు నేనే అన్నం పెడుతున్నాను. సగం ముద్దలు కింద పడుతున్నాయి. ఎడం పక్కకు తిప్పి పడుకోబెడితే రాము నిజంగానే నిద్రపోతున్నాడు, వాడలా పడుకున్నప్పుడల్లా ఇంకో పిల్ల తల్లి రెండున్నరేళ్లుగా నేర్చుకున్నది నేను దొంగిలించి వాడుకుంటున్నట్టు ఉంటుంది. పరాయి దేశంలో పిల్లలను పెంచడం కష్టమని మేమందరం ఉత్తరాల్లో రాసుకుంటాం. ఆ కష్టాన్ని మోయడానికి ఎవరి ఇంటినుంచి ఎవరిని పట్టుకుపోయామో ఏ ఉత్తరంలోనూ రాయం. ఈరమ్మ ఆ నియమం లేని ఇంట్లో కుదిరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేనడగకపోవడం వల్ల ఏమైందో మాత్రం ఆ వాకిట్లో నిలబడి చూశాను.

మీరు కూడా ఆయాను ఆమె ఊరికి తీసుకుపోవాల్సి వస్తే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పిల్లలతో మీరు గుంతకల్లులోనే ఆగిపోండి. ఆరున్నర బండికి ఆమెను ఒక్కదాన్నే ఎక్కించండి. ఊళ్లో దిగేటప్పుడు ఆమె చంక ఖాళీగా ఉండాలి.