నర్సమ్మతో సముద్రం దాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ మాట ఎత్తేవాళ్లు లేరు. ఇంట్లో ఉన్నది నాన్నా నేనూ, ఇద్దరమే. మాది సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. ఉప్పెన వచ్చిన రోజు నేను నాన్నతో కలిసి పొరుగూళ్లో చుట్టాలింట్లో ఉన్నాను. అమ్మ చంటి తమ్ముణ్ణి పెట్టుకుని ఇంటి దగ్గరే ఉండిపోయింది. నీళ్లు తీశాక నాన్న ఒక్కడే వెతకడానికి వెళ్లాడు. చాలా రోజులకు తిరిగొచ్చాడు. అమ్మేదని అడిగితే, "అక్కడే ఉండిపోయింది" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

అక్కణ్నుంచి మేం సత్తుపల్లి దాటి, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఊరికి వచ్చాం. మా ప్రాంతం నుంచి వచ్చి అక్కడ భూములు కొనుక్కున్న ఒక రైతు దగ్గర నాన్నకు పని దొరికింది. నాన్న తెల్లారకముందే పొలానికి వెళ్లేవాడు, పొద్దు గూకాక వచ్చేవాడు. బడిలో నేను నోరు విప్పితే నా యాసకు పిల్లలు నవ్వేవారు. అందుకని మాట్లాడటం తగ్గించాను. ఇంటి వెనక టేకు చెట్ల కింద కూర్చుని ఎండుటాకులు రాలే చప్పుడు వింటూ ఉండేదాన్ని. సముద్రం హోరు విని నిద్రపోయిన దాన్ని కదా, అంత నిశ్శబ్దంలో నాకు నిద్ర పట్టేది కాదు.

నా దిగులు ఒక్కటే. అమ్మ అక్కడే ఉండిపోయిందని నాన్న చెప్పాడు. మేమేమో ఇంత దూరం వచ్చేశాం. మేం ఎక్కడున్నామో అమ్మకు ఎవరు చెబుతారు? తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరంతా మమ్మల్ని వెతుకుతూ ఉంటే? ఆ ప్రశ్న నాన్నను అడగడానికి ధైర్యం చాల్లేదు. అడక్కుండా ఉండటమూ నా వల్ల కాలేదు. ఒక ఉదయం నాన్న సైకిల్ ఇంటి దగ్గర వదిలి నడిచి పొలానికి వెళ్లాడు. నేను దాన్ని తీసుకుని బయల్దేరాను. సీటు నాకు అందేది కాదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. కైంచి తొక్కుడు అనేవారు దాన్ని.

అడవిలో తారురోడ్డు ఎత్తుపల్లాలుగా సాగింది. రోడ్డు పక్కన ఇప్పచెట్ల కింద కోయ ఆడవాళ్లు పూలు ఏరుకుంటూ తలెత్తి నన్ను చూశారు. ఒక వాగు దగ్గర గొలుసు ఊడిపోయింది. దాన్ని ఎక్కించడం రాక చేతులన్నీ నల్లగా చేసుకుని నిలబడి ఉండగా ఎదురుగా నర్సమ్మ వచ్చింది.

ఆ చుట్టుపక్కల గూడేలకు కాన్పులు చేయడానికీ, టీకాలు వేయడానికీ సైకిల్ మీద తిరిగే నర్సు ఆవిడ. చర్చి వెనక ఒక గదిలో ఒక్కతే ఉండేది. తెల్లచీర, నూనె రాసి బిగించి అల్లిన జడ. ఆ రోజుల్లో ఆడమనిషి సైకిల్ తొక్కడం వింత. జనం నవ్వినా ఆమె పట్టించుకునేది కాదు. సైకిల్ ఆపి, నా గొలుసు ఎక్కించి, చేతులు ఆకుతో తుడుచుకుంటూ అడిగింది.

"ఏంది బిడ్డా, గిట్ల ఒక్కదానివే ఎటు పోతున్నవ్?"

సముద్రానికి అన్నాను. ఆమె నవ్వలేదు.

"తోవ తప్పినవ్. ఇది భద్రాచలం తోవ. గిటు పోతే గోదారి వస్తది గాని సముద్రం రాదు."

"గోదారి ఎటెళ్తుంది?"

"అవ్, గోదారి కూడ సముద్రానికే పోతది," అంది. "గని మనం దాని ఎంట నడవలేం కద."

ఎందుకు వెళ్తున్నావని అప్పుడడిగింది. చెప్పాను. అమ్మకు మా కొత్త ఊరి పేరు చెప్పి రావాలన్నాను. ఆమె వాగువైపు తిరిగి ముఖం కడుక్కుంది. తర్వాత ఇద్దరం సైకిళ్లు వెనక్కి తిప్పాం. దారంతా ఆమె నా పక్కనే, నా వేగానికి తన వేగం తగ్గించుకుని వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న వచ్చేదాకా మా అరుగు మీదే కూర్చుంది. నన్ను ఒక్కసారి మా పాత పల్లెకు తీసుకెళ్తానని నాన్నతో చెప్పింది. నాన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అక్కడేం ఉందని నర్సమ్మగారూ?"

"ఏం లేదని దానికెవరు చెప్పిండ్రు? నువ్వు చెప్పినవా అన్నా?"

నాన్న భుజం మీది తువ్వాలు తీసి దులుపుతూ, ఎండలు ముదరకముందే వెళ్లిరండి అన్నాడు. తాను మాత్రం రాలేనన్నాడు.

నర్సమ్మ సెలవు పెట్టింది. నాకు సైకిల్ షాపులో చిన్న సైకిల్ కిరాయికి తీసుకుంది. ముందు బస్సులో వెళ్దామని ఆమె అంది కానీ, దారి తెలియాలి, మళ్లీ నేను ఒక్కదాన్నే వెళ్లాలంటే ఎలా అని నేను పట్టుబట్టాను. సరే పద అంది. ఇప్పుడు తలచుకుంటే ఏ పెద్దమనిషీ చేయని పని అది.

అశ్వారావుపేట దాటేదాకా అడవే. అక్కణ్నుంచి జీడిమామిడి తోటలు, ఎర్రమట్టి పొలాలు. జంగారెడ్డిగూడెం దాటాక నేల చదునైపోయింది. రోడ్డు కాలువ గట్ల వెంట పరుచుకుంది. ఎటు చూసినా కోసిన వరిమళ్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, నీళ్లలో పడుకున్న గేదెలు. ఎండ ఎక్కగానే ఏదో ఒక నీడలో ఆగేవాళ్లం. చీకటి పడేలోపు ఆమె ఎరిగిన చర్చివాళ్ల ఇళ్లకు చేరేవాళ్లం. వాళ్లు అన్నం పెట్టి, నేనెవరి బిడ్డనని అడిగేవారు. "మా బిడ్డే" అని ఊరుకునేది నర్సమ్మ. దారిలో ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. నాకూ మాట్లాడాలనిపించేది కాదు. రెండు సైకిళ్ల చప్పుడు కలిసి వినపడుతుంటే చాలనిపించేది.

సముద్రం కనపడకముందే వాసన వచ్చింది. ఒడ్డు పొడుగునా రోడ్డు. ఒక పక్క సరుగుడు తోపులు, ఇంకో పక్క ఇసుక, దాని వెనక నీలంగా నీళ్లు. ఎదురుగాలి. ఎంత తొక్కినా సైకిల్ కదిలేది కాదు. ఇసుక వచ్చి ముఖాన కొట్టేది. నర్సమ్మ సైకిల్ నా ముందుకు తెచ్చింది. తన చక్రానికి ఆనుకున్నట్టు రమ్మంది. అలా వెళ్లగానే గాలి తగ్గిపోయినట్టయింది. తగ్గలేదు. దాన్ని ఆమె తన ఒంటి మీద ఆపుకుంటోంది. ఆమె చీర కొంగు తెరచాపలా వెనక్కి కొట్టుకుంటుంటే, వంగి, ఊపిరి ఎగపోస్తూ తొక్కింది.

మా పల్లె ఉన్న చోట కొత్త సిమెంటు ఇళ్లు వరసగా ఉన్నాయి. నేనెరిగిన బావి లేదు, మా వీధి లేదు. వలలు అల్లుకుంటున్న ఒక ముసలామె నా ముఖం చూసి నాన్న పేరు చెప్పి, ఆయన కూతురివా అంది. మా వెనకింటి మామ్మ ఆవిడ. నన్ను దగ్గరకు లాక్కుని చాలాసేపు వదల్లేదు. దొరికిన వాళ్లందరినీ ఒక్కచోటే పూడ్చారని, ఎవరు ఎవరో పోల్చే వీల్లేకపోయిందని, మీ అమ్మ అందులో ఉందో నీళ్లలో ఉందో ఎవరికీ తెలియదని చెప్పింది. సరుగుడు తోపు పక్కన ఒక మట్టిదిబ్బ చూపించింది. దాని మీద గడ్డి మొలిచి ఉంది.

నేను నర్సమ్మ వైపు చూశాను. అది నిజం కాదని ఆమె చెబుతుందని ఆశ.

ఆమె ఇసుకలో నా ముందు గొంతుక్కూర్చుంది. "అమ్మ చచ్చిపోయింది బిడ్డా," అంది. "తమ్ముడు గూడ. వాళ్లు ఎవరినీ దేవులాడుతలేరు, ఎతుకుతలేరు. నీ కోసం తిప్పలు పడతలేరు."

అంతవరకూ ఎవరూ ఆ మాట నాతో అనలేదు. ఏడుపు ఎక్కడ దాక్కుందో ఒక్కసారిగా వచ్చేసింది. ఆమె ఊరుకోమనలేదు. ఏడుపు తీరేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత, ఇంత దూరం వచ్చినవు కద, చెప్పాలనుకున్నది చెప్పు అంది.

నేను సముద్రం దగ్గరకు వెళ్లి, మా ఊరి పేరు, చెరువు కట్ట దాటాక ఎటు తిరగాలో, మా ఇంటి ముందు ఏ చెట్టుందో అన్నీ గట్టిగా చెప్పాను. నాన్న బాగానే ఉన్నాడని చెప్పాను. అప్పుడు నాకు కొంచెం దూరంలో నీళ్లలో నిలబడి నర్సమ్మ కూడా ఏదో అంది. ఎవరితో అందో తెలియదు. గాలికి వినపడలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు మీద సైకిళ్లు వేయించుకుని వచ్చేశాం. నర్సమ్మ నన్ను గుమ్మం దాకా తెచ్చి, నాన్నకు అప్పగించి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నాన్న నా ఎదురుగా కూర్చుని, "ఊరెలా ఉందే?" అని మాత్రం అడిగాడు. చూసిందంతా చెప్పాను. వింటూ వింటూ, అమ్మకు సరుగుడు తోపులో గాలి చప్పుడు ఇష్టమని అన్నాడు. ఉప్పెన తర్వాత ఆయన నోట అమ్మ మాట రావడం అదే మొదలు. తర్వాత తర్వాత తమ్ముడి పేరు కూడా వచ్చేది.

మరుసటి ఏడాది నర్సమ్మకు టేకులపల్లి అవతలికి బదిలీ అయింది. మళ్లీ ఆమెను చూడలేదు.

నాకిప్పుడు వయసు మళ్లింది. మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వీధిలో ఏ ఇంట్లో చావు జరిగినా, అక్కడి పిల్లలకు నాన్న ఊరెళ్లాడనీ, అమ్మమ్మ నిద్రపోయిందనీ చెబుతుంటే ఊరుకోలేను. పెద్దవాళ్లను అడిగి, ఒప్పించి, పిల్లల పక్కన కూర్చుని ఉన్నమాట చెబుతాను. చూస్తామంటే కాటి దాకా చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. ఎంతసేపు ఏడిస్తే అంతసేపు ఉంటాను. ఆ తర్వాత వాళ్లను ఇంట్లో దింపి వచ్చేస్తాను.

అలా వస్తున్నప్పుడే, తాళం తీసి నా ఇంట్లోకి అడుగుపెట్టే ముందు, ఒక సంగతి గుర్తొచ్చి ఆగిపోతాను. సముద్రం నుంచి వచ్చిన ఆ సాయంత్రం నేను నాన్న దగ్గరకు పరిగెత్తాను. నర్సమ్మ తన సైకిల్ నడిపించుకుంటూ చర్చి వెనక గదికి వెళ్లింది. ఊరెలా ఉందని ఆమెను అడగడానికి ఆ గదిలో ఎవరూ లేరు.