టచప్ ఈరేశ్ కూతురి తల

రాయిచూరు తీన్ కందిల్ చౌరస్తా నుంచి రెండు సందులు లోపలికి వస్తే నా జిరాక్స్ దుకాణం, దాని పక్కనే ఈరేశ్ ఫోటో స్టూడియో ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక్క రేకు గోడ. అందుకని అతని బతుకులో నాకు తెలియనిది తక్కువ. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే గుణం నాకు అంతకన్నా తక్కువ. నా పేరు హనుమన్న. ఈ సంగతి నలుగురికీ చెప్పమని ఈరేశే అన్నాడు, అది మాత్రం ముందే చెప్పాలి.

ఊళ్ళో అతన్ని ఉత్త ఈరేశ్ అని ఎవరూ పిలవరు, టచప్ ఈరేశ్ అంటారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అతని చెయ్యి ఊరుకోదు. నల్లవాణ్ని తెల్లగా, బక్కవాణ్ని బొద్దుగా చేస్తాడు. పోయిన పెద్దాయన ఫోటోకు దండ వేసుకుంటాం, పెద్దది చేసిమ్మంటే, బతికుండగా ఏనాడూ నవ్వని మనిషిని నవ్వించి మరీ పంపుతాడు. ఒకసారి నా పాస్‌పోర్టు ఫోటోలో చెంప మీది పుట్టుమచ్చ తీసేశాడు. బ్యాంకు మేనేజరు ఆ ఫోటోనూ నన్నూ నాలుగుసార్లు చూసి, మీ తమ్ముణ్ణి పంపండి అన్నాడు. మాన్వి వైపు కాలువ కింద వరి పండించే ఆంధ్రా రైతు శేషయ్య, తమ్ముడికి సంబంధాలు చూస్తూ ఫోటో తీయించాడు. ఈరేశ్ ఆ తమ్ముడి బట్టతల నిండా జుట్టు నాటాడు. శేషయ్య కవరు తెరిచి, "ఈయనెవరండీ బాబూ? బానే ఉన్నాడు గానీ, మావాడి ఫోటో ఇప్పించండి" అన్నాడు.

పెళ్ళయిన ఆరేళ్ళకు ఈరేశ్‌కు కూతురు పుట్టింది. శృతి అని పేరు పెట్టుకున్నారు. మూడో నెలలో తొట్టెల చేసి, చుట్టాలను పిలిచి పిల్లను ఉయ్యాల్లో వేశారు. ఆ ఫోటోలు దిద్దుతున్నప్పుడు పిల్ల తల వెనక కుడివైపు చదునుగా, రొట్టె తట్టినట్టు ఉండటం ఈరేశ్ కంటపడింది. ఇంకొకడైతే గుండె జారి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. మనవాడు మౌసు పట్టుకుని ఇరవై ఫోటోల్లోనూ తలను గుండ్రంగా చేసి, ఫ్లెక్సు కొట్టించి సందు మొదట్లో కట్టించాడు. పని అయిపోయింది కదా, మరిచిపోయాడు.

కనిపెట్టింది అతని భార్య సౌభాగ్య. ఏ కుల్లాయి పెట్టినా ఒకపక్కకే జారిపోతున్నదని చెయ్యి పెట్టి చూసింది. పిల్లల డాక్టరు, మెడ ఒకవైపు పట్టేసింది, అందుకే ఎప్పుడూ అదే పక్కకు తిరిగి పడుకుంటోందన్నాడు. మెడ తిప్పించడం, బోర్లా పడుకోబెట్టి ఆడించడం నేర్పాడు. రెండు నెలలు చేశారు. మెడ సాఫీ అయింది గానీ తల పెద్దగా మారలేదు. సందులో మాత్రం వైద్యులకు కొదవ లేదు. ఆవాల దిండు వేయమన్నారొకరు, గ్రహణం నాడు తల్లి కత్తిపీట ముట్టిందా అని అడిగారొకరు. "ఆడిపిల్లనే గద, జుట్టొస్తే ఎవరికి కనబడ్తది?" అని తేల్చేసిన ఉలిగప్ప, తన ఫోటోలో జుట్టు పెట్టించుకోవడానికి ఏడాదికి రెండుసార్లు ఈరేశ్ దగ్గరికి వచ్చే మనిషి.

చివరికి హైదరాబాదులో ఒక క్లినిక్కుకు వెళ్ళారు. అక్కడ రమ్యశ్రీ అనే ఆవిడ పిల్ల తలను యంత్రంతో కొలిచి, ఆ కొలతకు హెల్మెట్ చేయించి ఇచ్చింది.

"రోజుకు ఇరవై మూడు గంటలు తల మీదే ఉండాలమ్మా. స్నానానికి ఒక్క గంట తీయండి" అన్నది. "చదునుగా ఉన్నచోట లోపల ఖాళీ వదిలాం. పెరిగే తల ఆ ఖాళీలోకి పెరగాలి. చదును పోయేదాకా, పెరిగిన కొద్దీ మేము లోపలి మెత్తను చెక్కి ఇంకాస్త చోటు చేస్తుంటాం. పాపకు ఆరో నెల. ఏడాది దాటితే ఎముక గట్టిపడుతుంది, ఇక చెప్పినమాట వినదు. మనకున్నవి ఈ కొద్ది నెలలే."

మూడు వారాలకొకసారి రమ్మన్నది. పసిపిల్లతో అంత దూరం ప్రతిసారీ రాలేమని ఈరేశ్ బతిమాలితే, మొదట ఒకసారి చూసి, ఆపైన మధ్య మధ్యలో పైనుంచి తీసిన ఫోటో పంపినా సరే, చెక్కాల్సి వస్తే పిలుస్తానంది. ఫోటోలు తీయడం నాకు వదిలేయండి మేడం అన్నాడు ఈరేశ్.

మా ఊళ్ళో హెల్మెట్ ఉండేది బండి అద్దానికి. పోలీసు కనబడితే నెత్తికెక్కుతుంది, సందు మళ్ళగానే మళ్ళీ అద్దానికే. అలాంటి రాయిచూరులో, మార్చి నెల ఎండలో, పొద్దస్తమానం హెల్మెట్ పెట్టుకుని నియమం తప్పకుండా తిరిగింది ఆరు నెలల శృతి ఒక్కతే. పూలమ్మే హుచ్చమ్మ గంప దించి మరీ చూసింది. "అయ్యో పాపా! ఏందిది ఈరన్నా, గింత పోరికి గిప్పటిసందే బండి నేర్పిస్తున్నవా?" అన్నది. దారినపోయే ప్రతివాడూ ఆగి, ఏమైంది అని అడిగి, జవాబు వినకుండా సానుభూతి చూపి పోయేవాడు.

పిల్ల మూడు రోజులు ఏడ్చి నాలుగో రోజుకు అలవాటు పడింది. పడనిది ఇంటివాళ్ళే. చెమటకు తల వాసన వేసేది. సౌభాగ్య పూట పూటకూ లోపలి చెమట తుడిచేది, చర్మం ఎర్రబడిందేమోనని చూసేది. ఎత్తుకుంటే పిల్ల సంతోషం పట్టలేక తలతో కొట్టేది, ఈరేశ్ కింది పెదవి రెండుసార్లు చిట్లింది. ఇరవై నాలుగింటిలో మిగిలిన ఆ ఒక్క గంట మాత్రం ఈరేశ్ తల్లి జయాబాయిది. కాళ్ళు చాపి, మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని, వేన్నీళ్ళు పోసి అరచేత్తో తలంతా నిమిరేది. ఆమె కళ్ళకు పొరలు వచ్చాయి. అప్పటికే మనుషులను గొంతును బట్టి పోల్చుకుంటున్నది.

మొదటిసారి వెళ్ళినప్పుడు రమ్యశ్రీ తల చూసి, లోపలి మెత్త చెక్కి పంపింది. రెండోసారి ఫోటో పంపాలి. ఈరేశ్ మంచి వెలుతురులో పైనుంచి ఫోటో తీశాడు. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఆ చదును అలాగే ఉంది. వెలుతురు సరిచేద్దామని మౌసు పట్టుకున్నాడు. వెలుతురు సరైపోయింది, చెయ్యి ఆగలేదు. కుడివైపు రవ్వంత ఉబ్బించాడు. పంపాడు.

"చాలా బాగుంది! మెత్త ఇప్పుడు చెక్కక్కర్లేదు, ఇలాగే ఉంచండి" అని జవాబు వచ్చింది. దాని పక్కన చప్పట్ల బొమ్మ. సౌభాగ్య ఆ ఫోను పట్టుకుని నా దుకాణం దాకా వచ్చి చూపించింది. కొన్ని నెలలుగా ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. వెనక నిలబడ్డ ఈరేశ్ ముఖం నేను చూడలేదు, చూడాల్సింది అదే.

ఇంకో మూడు వారాలకు మళ్ళీ ఫోటో. ఒకసారి పెరిగిన తల మళ్ళీ తగ్గకూడదు కదా! మొదటి అబద్ధానికన్నా రెండోదాన్ని కొంచెం పెంచాల్సి వచ్చింది. ఇంతకుముందు ఊరివాళ్ళకు చేసిన పనిలో మోసపోయేది చూసేవాళ్ళు. ఇక్కడ ఆ పసిది మోసపోయింది. చదును పోతోందని ఫోటో చెప్పింది గనక అక్కడివాళ్ళు లోపల చోటు చేయలేదు. చోటు లేక తల పెరగాల్సిన పక్కకు పెరగలేదు. రమ్యశ్రీ ఇంత త్వరగా కుదిరిన తలను తాను చూడలేదనీ, మూడు వారాల్లో ఒకసారి చూపిస్తే హెల్మెట్ తీసేయవచ్చేమోననీ రాసింది. సౌభాగ్య సందంతా పేడాలు పంచింది. నేనూ రెండు తిన్నాను.

ఆ మరునాడు పొద్దున్నే జయాబాయి నీళ్ళు పోస్తూ కొడుకును కేకేసింది.

"ఈరా, జెర గిట్ల రా. గీడ చెయ్యి పెట్టు."

తడి చేతితో అతని చెయ్యి పట్టుకుని పిల్ల తల వెనక పెట్టింది.

"అందరు గుండ్రంగయింది అంటున్నరు. ఫోటోల మంచిగొచ్చిందట. నాకు ఫోటో కనబడదు గద బిడ్డా. మరి నా చేతికి ఎందుకు తెలుస్తలేదు? నెలన్నర సంది గట్లనే ఉన్నట్టుంది. కండ్లు వోయినయ్. నా చెయ్యి గూడ ఖరాబయిందా?"

ఇరవై ఏళ్ళుగా మనుషుల ముఖాలు మార్చినవాడు తల్లి ముఖం వైపు చూడలేకపోయాడు. "నీ చెయ్యి మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు. "ఫోటోనే ఖరాబ్. నేనే చేసిన."

తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సౌభాగ్య ఆ మాట విన్నది. కేకలు వేయలేదు. పిల్లను తుడిచి, హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి అప్పుడు మాట్లాడింది.

"ఊరోళ్ళ మొకాలన్నీ మార్చినవ్, వాళ్ళు అడిగిన్రు గనక మార్చినవ్. ఇది నా బిడ్డ తల. నిన్నెవరడిగిన్రు?"

అతను నా దుకాణానికి వచ్చి జిరాక్స్ మిషను పక్కన కింద కూర్చుని ఏడ్చాడు. పేడాలు తిన్న నోరు నాది. "ఫోను చెయ్యి, జల్ది చెయ్యి" అన్నాను. నా ముందే రమ్యశ్రీకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలి నుంచి, "ఫోటోలు వద్దు. పాపను తీసుకుని రేపే రండి" అని వినబడింది.

మరునాటి రైలుకే వెళ్ళారు. యంత్రంతో మళ్ళీ కొలిచింది. ఆరు వారాల కిందటి గీతకూ ఇప్పటి గీతకూ తేడా దాదాపు లేదట. "తిట్టి లాభం లేదు ఈరేశ్ గారూ. పోయిన ఆరు వారాలు నేను తెచ్చివ్వలేను. మిగిలినవి చూసుకుందాం" అని, లోపల కొత్తగా చెక్కి, చోటు చేసి పంపింది. అప్పటినుంచి మూడు వారాలకొకసారి, ఎండైనా వానైనా, పిల్లను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళివచ్చాడు. తల నిండుతూ వచ్చింది. జయాబాయి ప్రతి పొద్దూ తడిమి చూసి, "గిప్పుడు ఆనుతున్నది" అనేది. ఆ మాట వినకుండా అతను స్టూడియో తలుపు తీసేవాడు కాదు.

మొదటి పుట్టినరోజుకు పిల్ల హెల్మెట్‌తోనే ఉంది. ఫ్లెక్సులో కూడా అలాగే వేయించాడు. హుచ్చమ్మ హెల్మెట్‌కు సరిపడా చిన్న దండ కట్టి తెచ్చింది. ఇంకో నెలన్నరకు, ఇక దీనివల్ల లాభం లేదని రమ్యశ్రీ తీసేయించింది. తల చాలావరకు కుదిరింది. కుడివైపు వెనక మాత్రం రెండు వేళ్ళ వెడల్పున చదును మిగిలిపోయింది. ఆరోగ్యానికేమీ కాదు, జుట్టొస్తే కనబడదన్నది ఆవిడ. ఆ ముక్క ఉలిగప్ప మొదటే చెప్పాడు. వినలేదు కదా అని వాడు ఇప్పటికీ సందు చివర నిలబడి అంటూనే ఉంటాడు.

స్టూడియోలో టచప్ ఆగలేదు, ఆపితే మా ఊరివాళ్ళు ఊరుకోరు. ఇప్పుడు చేసే ముందు ఒకసారి అడుగుతాడు, అంతే. నా కొత్త ఫోటోలో పుట్టుమచ్చ ఉన్నచోటే ఉంది.

మొన్న వెళ్ళేసరికి కంప్యూటర్ పక్కన గోడకు కొత్త ఫోటో ఒకటి అంటించి ఉంది. శృతి కింద కూర్చుని ఆడుకుంటుంటే పైనుంచి తీసినది. పలచటి జుట్టు కింద ఆ రెండు వేళ్ళ చదును స్పష్టంగా కనబడుతున్నది. నా నోరు ఊరుకుంటుందా?

"గింతే గద ఈరేశూ, నువ్వు ఒక్క నిమిషంల సాఫ్ చేస్తవ్" అన్నాను.

"నిమిషం గూడ పట్టది అన్నా" అన్నాడు, ఫోటో వైపే చూస్తూ. "గా చదును పిల్లది గాదు, నాది. నేను చేసిందాన్ని అది నెత్తిన పెట్టుకుని బతుకంత తిరగాలె. నేను ఫోటోల గూడ చూడకపోతే ఎట్ల?"