ఒక్కటైనా గారు

ఒక్కటైనా గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ప్రపంచంలో ఏ మూల నుంచి చావుకబురు వచ్చినా ముందు అడిగేది, "ఒక్కటైనా మిగిలిందా?" అనే. అడిగి అడిగి అసలు పేరు ఊడిపోయి, అదే పేరై కూర్చుంది.

ఆయన పనిచేసే జంతువ్యాధుల ఆఫీసుకు వచ్చేవన్నీ చావుకబుర్లే. కప్పలు, తాబేళ్లు, పాములు, చేపలు కొత్త వైరస్‌లు సోకి ఎక్కడ గుట్టలుగా చచ్చినా ఆయనకే ఫోన్. పక్క బల్ల దగ్గరి టెక్నీషియన్ అమ్మాయి గోడమీది ప్రపంచపటంలో ఎర్ర గుండుసూది గుచ్చుతుంది. ఏడాదికి సరిపోతాయని తెప్పించిన సూదులు మూడు నెలలకే అయిపోయాయి.

"నాలుగొందల తాబేళ్లా? అయ్యయ్యో! ఒక్కటైనా మిగిలిందా? రెల్లు పక్కన సరిగ్గా చూడు బాబూ. నేను లైన్లోనే ఉంటాలే."

ఇలా గంటసేపు. ఈలోగా రెండో ఫోన్ మోగి మోగి ఊరుకునేది. ఆ అమ్మాయికి ఒళ్లు మండేది. డైరెక్టరుకైతే మరీను.

"ఏవయ్యా, మనం లెక్కపెట్టేది చచ్చినవాటిని. ఫారంలో మిగిలినవాటికి గడే లేదు!"

"లేదండీ. అందుకే నా నోటుబుక్కులో రాసుకుంటున్నా."

క్యాంటీన్లో బిస్కెట్ల పళ్లెం ఖాళీ కాగానే అందరూ ఒక్క గొంతుతో, "ఒక్కటైనా మిగిలిందా?" అని అరిచేవారు. ఆయనా నవ్వేవాడు.

ఓసారి ఆ అమ్మాయి నోటుబుక్కు తిరగేసింది. ఫారంలో అన్నీ చచ్చాయని ఉన్న ప్రతిచోటికీ ఇందులో "మిగిలింది ఒకటి" అని ఉంది. ముసలాయన కాకిలెక్కలు రాస్తున్నాడని మండిపడింది.

ఆ వానాకాలం కొండమీది చెరువుకు ఆమెనే పంపారు. అక్కడి కప్పలు భూమ్మీద మరెక్కడా లేవు. మూడేళ్లుగా వాటి అరుపులు రికార్డు చేస్తున్నది ఆమే. వెళ్లేసరికి చెరువులో చప్పుడు లేదు. ఒళ్లు ఉబ్బి, చర్మం కమిలి, కప్పలన్నీ తేలుతున్నాయి. రెండు రోజులు ప్రతి రాయీ తిప్పి చూసింది. ఇక ఈ ఉద్యోగం తనవల్ల కాదనుకుని, గట్టుమీద చతికిలబడి ఫోన్ చేసింది.

"ఒక్కటైనా మిగిలిందా అమ్మా?"

"లేదు సార్. ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన వారించలేదు, ఫోనూ పెట్టలేదు. కాసేపటికి కాగితం తిప్పిన చప్పుడైంది.

"నువ్వున్నావుగా. ఒకటి అని రాసుకున్నా. బూట్లు మందునీళ్లతో కడుక్కుని, ఏమన్నా తిని మళ్లీ చెయ్యి."

ఆ నోటుబుక్కులోని ఒకట్లన్నీ ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది. బూట్లు కడిగింది. సంచిలో ఉన్నది తిని మళ్లీ ఫోన్ చేసింది.

"ఏం తిన్నావు?"

"బిస్కెట్లు సార్. ప్యాకెట్టు మొత్తం."

"మొత్తమా! నాకు ఒక్కటైనా మిగిలిందా?"