నాగవ్వ మాటల మీద భీమన్న మాటలు

నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. ఇంకో ఏడాది వెళితే మాస్టార్లకు చెప్పడానికేమీ మిగలదని జాలిపడ్డాను. తర్వాత బహ్రెయిన్ వచ్చి, సీఫ్‌లోని ఒక మాల్‌లో ఆగిపోయిన ఎస్కలేటర్‌ని ఒక్క చూపుతో నడిపించాను. నమ్మకపోతే నన్నే అడగండి. కానీ ఇక్కడి జింజ్ పేటలో మా గదిలో ఉండే భీమన్న గురించి చెప్పేటప్పుడు మాత్రం నాకు కోతలు కోసే అవసరమే రాదు.

భీమన్నది జగిత్యాల వైపు. పాతికేళ్ల వయసులో వచ్చి, మనామాలో ఒక హోటల్ పాటల హాలు తుడిచే పనిలో చేరాడు. ముప్పై ఏడేళ్లూ అక్కడే. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా అమెరికా నల్లజాతి గాయకుల పాటలు, అదే రిథమ్ అండ్ బ్లూస్ అంటారే, అవి ఏ కాలానివో చీపురు ఆపకుండా చెప్పేస్తాడు.

"యాభైల పాటల పియానో ఉరుకుతది. లోపల దుఃఖమున్నా గంతులేస్తరు. అరవైలల్ల ఒకడు పిలుస్తడు, నలుగురు పలుకుతరు, వాళ్ల చర్చిల లెక్క. డెబ్బైలల్ల లావు తీగల గిటారు మోగితే నేల కదులుతది. ఎనభైలల్ల మనిషిని పక్కకు జరిపి మిషిని డోలు కొట్టింది. తొంభైలల్ల చెవుల గునుగుడు వెట్టిన్రు. గిప్పటోళ్లు పక్క అర్రల తలుపేసుకొని పాడుతున్నరు."

"మరి వీటిల్లో ఏది మంచిది బాబాయ్?"

"ఏది వెట్టినా ఎనుకకెల్లి ఒకామె గొంతు సవరించుకుంటది. నీకు వినవడదు తియ్."

నేను నవ్వేవాణ్ని. ఆమె ఎవరో తెలిశాక మానేశాను.

ఆమె నాగవ్వ, భీమన్న భార్య. ఆ రోజుల్లో ఇంటికి ఉత్తరాలు క్యాసెట్ల మీద వెళ్లేవి. హోటల్లో పారేసిన పాటల క్యాసెట్లు భీమన్న ఏరుకొచ్చేవాడు. పైఅంచున ఉండే చిన్న కన్నానికి గమ్ టేపు అంటిస్తే పాట మీద మాటలు ఎక్కేవి. సెలవు మీద వెళ్లేవాళ్లు పట్టుకెళ్లేవారు. ఆవిడ పాట మీద మాట్లాడి పంపేది. ఈయన ఆవిడ మాటల మీద మాట్లాడి తిప్పి పంపేవాడు. ఒకే క్యాసెట్టు, ఎన్నిసార్లయినా.

పనివాళ్ల క్యాంపులో ఎవరి క్యాసెట్టయినా గదిలో అందరూ కూర్చుని వినేవారు. తొంభై అయిదులో నాగవ్వ క్యాసెట్టు వచ్చింది. సగంలో ఆమె గొంతు తగ్గించి "నీకొక్కనికే చెప్పేదున్నది" అనగానే అందరూ ఈలలు వేశారు. భీమన్న సిగ్గుపడి ఆపేశాడు, ఒంటరిగా ఉన్నప్పుడు విందామని. ఊరికి వెళ్లే మనిషి మర్నాడే బయలుదేరుతున్నాడంటే, వినకుండానే దాన్ని మొదటికి తిప్పి, దాని మీద జవాబు నింపేశాడు. ఆ మనిషి టికెట్టు వాయిదా పడి, క్యాసెట్టు ఇక్కడే ఉండిపోయింది. అది కదిలేలోపే నాగవ్వ పోయిందని కబురు వచ్చింది. అప్పటికి ఏడాది నిండని కూతురు శోభారాణి.

"క్యాసెట్ల అన్ని చెప్పుకున్నది, అయినా మొగడు రాలే" అని ఊళ్లో అనేవారు. ఇప్పుడు శోభారాణికీ పిల్లలున్నారు. ఆమె తండ్రిని అడిగేది ఒక్కటే: అమ్మ చెప్పిందా, లేదా? వచ్చే వారం భీమన్నకు ఇక్కడ కొలువు ఖలాస్, తిరుగు ప్రయాణం. జవాబు లేకుండా ఆమె గడప ఎక్కలేడు. ముప్పై ఏళ్లు పెట్టె అడుగున దాచిన క్యాసెట్టు తీశాడు. నేను జిదాఫ్స్ బజారులో పాత టేప్‌రికార్డర్ కొనుక్కొచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం మీట నొక్కాడు.

ముందు భీమన్న గొంతే, పడుచుది. హోటల్లో దీపాల గురించీ, కొత్త పాటల గురించీ గొప్పలు. నాకే పోటీ వచ్చేలా ఉన్నాడు. పావుగంటకు ఆ గొంతు అంది: "నువ్వు చెప్పిందంత విన్న. ఫికర్ జెయ్యకు."

టక్కుమంది. నా ఎదుట కూర్చున్న భీమన్న కళ్లు మూసుకున్నాడు.

అతని మాటలు చాలనిచోట ఆమెవి మిగిలాయి. "...అత్తకు సుత చెప్పలే. డాక్టరు నెల దినాలన్నడు. నువ్వైతే రా." మళ్లీ టక్కు. కింద ఉన్న పాట మొదలైంది, మధ్యలోంచి, ఏమీ జరగనట్టు.

నేను జన్మలో చెప్పిన అన్ని అబద్ధాల్లోకీ పనికొచ్చేది అప్పుడు చెప్పాను. "నాకు పాటే వినబడింది బాబాయ్. అమ్మాయికీ అదే చెప్పు."

"నువ్వు మంచోనివిరా లోవరాజూ," అని ఫోన్ తీశాడు. శోభారాణికి కలిపి స్పీకర్ పెట్టాడు.

"బిడ్డా, మీ అమ్మ చెప్పింది. నేనే వినలే. విన్ననని చెప్పిన."

ఇక్కడ పాట నడుస్తూనే ఉంది.

"గా క్యాసెట్ తెస్తున్నవా బాపూ?"

"రెండు మూడు మాటలే మిగిలినయి బిడ్డా."

"అమ్మ గొంతు ఎట్లుంటదో నాకు తెల్వదు. తే."

"ఆమెది వినాలంటే ముందుగాల నాది వినాలె. పావుగంట."

"వింట."