నాలుగో తరగతిలో పెళ్లి భోజనం

ఈ మధ్యాహ్నం కొత్తపేట దగ్గర మా ఊళ్లో ఓ పెళ్లికి వెళ్లాను. కొత్త బడి కట్టాక, మేం చదువుకున్న పాత పెంకుల బడిని కల్యాణ మండపం చేశారు. భోజనాలు నాలుగో తరగతి గదిలో. నల్లబల్ల అలాగే ఉంది, దాని మీద వధూవరుల పేర్లు రాశారు.

చిన్ననాటి స్నేహితులమంతా ఒకే వరసలో కూర్చున్నాం. బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకున్నానో లేదో, గుమ్మంలోకి మా లెక్కల మాస్టారు వచ్చారు. అప్పట్లో మా కోసం పట్టుకున్న కర్రను ఇప్పుడు తన కోసం పట్టుకున్నారు. అంతే, బట్టతలలూ బొజ్జలూ సహా అందరం లేచి నిలబడ్డాం.

పంక్తి లేచిందంటే భోజనం అయినట్టే కదా. ఆకులు తీసేవాళ్లు చకచకా చుట్టేశారు. నా బూరె అందులోనే పోయింది.

"అందరూ తిన్నారట్రా?" అన్నారు మాస్టారు.

"ఆయ్, తిన్నామండీ," అన్నాం అందరం ఒకే గొంతుతో.

"అయితే వరసగా బయటికి నడవండి."

వరసగానే నడిచాం. ఇంటికొచ్చి ఆవకాయన్నం కలుపుకుంటుంటే మా ఆవిడ, "పెళ్లికే కదండీ వెళ్లేరు?" అంది.

ఆ పెళ్లివారెవరైనా ఇది చదివితే, బూరెలు మిగిలాయేమో కాస్త కామెంట్లో చెప్పండి. మాస్టారు వెళ్లిపోయారో లేదో కూడా.