తాతకి అప్పచెప్పిన లాగరిథాలు

స్టాటిస్టిక్స్ మొదటి పరీక్షని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అరవైల చివర, శ్రీకాకుళం కాలేజీలో డిగ్రీ మొదటి ఏడాది. మా ఊరు పొందూరు దాటి రెండు మైళ్లు. క్లాసు అవగానే బస్సు కోసం పరుగెత్తేవాణ్ణి కాబట్టి, టౌనువాళ్లు సీనియర్లని అడిగి తెలుసుకునే సంగతులేవీ నా చెవిన పడేవి కావు.

మా లెక్చరరు మాటలు తక్కువ మనిషి. ఒకరోజు బోర్డు తుడిచి, పదిరోజుల్లో పరీక్ష అన్నారు. ముప్పై అయిదు రానివాళ్లు ఈ క్లాసులో ఉండరు, చరిత్ర గ్రూపుకి పోవచ్చు అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "లాగ్ పుస్తకాలు ఎవరూ తేకూడదు," అన్నారు. అంతే, వెళ్లిపోయారు.

మా లెక్కల్లో వర్గమూలాలన్నీ ఆ లాగరిథాల పట్టికలు చూసి కట్టేవే. పేజీ నిండా వరసలు వరసలుగా నాలుగేసి అంకెలు. పుస్తకం తేవద్దంటే నోటికి రావాలన్నమాట! మా ఇంట్లో పుట్టినవాడికి ఇంకో అర్థం తట్టదు. మా తాత ముప్పై ఏళ్లు వీధిబడి నడిపాడు. అంకెలు వరసలో ఉన్నాయంటే అవి అప్పచెప్పడానికే ఉన్నాయని ఆయన లెక్క. పుస్తకం చూసి చెప్పేవాణ్ణి ఆయన చదువుకున్నవాడి కింద జమకట్టేవాడు కాదు.

అప్పటికి ఆయనకి చూపు పోయింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్లి సంగతి చెప్పాను.

"కొత్త ఎక్కాలేటిరా?" అన్నాడు, మొహం వెలిగిపోయి. "ఎత్తు. నేను ఇంతాను."

ఎత్తాను. ఇరవైకి మూడు సున్నా ఒకటి సున్నా. ముప్పైకి నాలుగు ఏడు ఏడు ఒకటి. మొదటి బస్సు వచ్చేదాకా, మళ్లీ సాయంత్రం దీపాలు పెట్టేదాకా అదే పని. పొలం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి, "ఇద్దరికీ పిచ్చెక్కినాదేటి?" అని లోపలికి పోయేవాడు.

మూడోరోజు ఇరవై మూడు దగ్గర, మూడు ఆరు ఏడు ఒకటి అన్నాను.

"తప్పు," అన్నాడు తాత. "నిన్న అలా సెప్పనేదు నువ్వు. మూడు ఆరు ఒకటి ఏడు."

పుస్తకం చూశాను. ఆయనదే ఒప్పు. ఆ అంకెలు ఎందుకో, ఏమిటో ఆయనకి తెలీదు. విన్నాడు, పట్టుకున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. సంతోషంతో కాదు, భయంతో. ఒక్క నిలువు వరసకి తొంభై సంఖ్యలు, అలాంటివి పది వరసలు. పదిరోజుల్లో మూడే వచ్చాయి.

పరీక్షనాడు బస్సులో నోట్సు తెరిచాను. స్టాండర్డ్ డీవియేషన్ సూత్రం పదిరోజులుగా ఒక్కసారి కూడా చూడలేదు! మూడు వరసలు కంఠతా వచ్చు, వాటితో ఏం చెయ్యాలో రాదు. నా అంత మొద్దు ఆ బస్సులో ఇంకొకడు ఉండడు. సరాసరి తీసి, ఒక్కో అంకెలోంచి దాన్ని తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి... బస్సు కుదుపులకి అక్షరాలు ఎగిరిపోతున్నాయి. నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి ఏడుపొచ్చింది.

హాల్లో అందరం కూర్చున్నాక అటెండరు ఒక కట్ట తెచ్చి బల్ల బల్లకీ పంచుతూ వచ్చాడు. నా ముందు కూడా ఒకటి పడేశాడు. లాగ్ పుస్తకం. సొంత పుస్తకాల అంచుల్లో కుర్రాళ్లు సూత్రాలు రాసుకొస్తున్నారని కాలేజీయే ఇస్తుందట. టౌనువాళ్లందరికీ తెలుసు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. పుస్తకం తెరిచి రాశాను. మీడియన్ లెక్కలో అంకెల్ని చిన్నదాన్నించి పెద్దదానిదాకా పేర్చకుండానే నడిమిది తీసి రాసేశాను. వరసలు బట్టీపట్టినవాడు చేసిన పని అది! వారం తర్వాత పేపర్లు ఇచ్చేదాకా నిద్రలేదు. ముప్పై ఎనిమిది వచ్చాయి. క్లాసులో మిగిలాను.

ఆ సాయంత్రం తాత అరుగు మీద నా అడుగుల చప్పుడు విని లేచి నిలబడ్డాడు.

"అడిగినారేటిరా?"

పుస్తకం ఇచ్చారని చెబుదామని నోరు తెరిచాను. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"అడిగినారు తాతా. అప్పచెప్పేశాను. పాసయ్యాను."

ఆయన కూర్చున్నాడు. కాసేపు పెదవులు కదిలిస్తూ ఉన్నాడు. తర్వాత మొదటి వరస మొదలుపెట్టి మూడో వరస చివరిదాకా, ఎక్కడా ఆగకుండా, నాకే అప్పచెప్పాడు. నాకు రెండో వరసలోనే సగం జారిపోయింది.

"పెద్ద పరీచ్చలో మిగతావి అడుగుతారు. ఎత్తరా నాలుగోది," అన్నాడు.

సంచీలోంచి పుస్తకం తీశాను.

"సున్నా ఒకటి రెండు ఎనిమిది," అన్నాను.