డాక్టరు సీటుకు మొక్కిన మేక

మా మనవరాలు ఫోను నా ముందుకు పట్టి ఒక ఫోటో చూపించింది. ముందు నాకు గేదె కనిపించింది. తర్వాత గేదె వెనుక నిలబడ్డ మా పిల్ల కనిపించింది. ఇంకాస్త పరీక్షగా చూస్తే, పిల్లకు కుడిచెయ్యి లేదు.

"చెయ్యేదే?" అన్నాను.

"లోపల ఉంది బాపమ్మా. సూడిదా కాదా, కడుపుల దూడ ఉందా అని చూస్తున్న. భుజం దాంక పోవాలె, లేకుంటె అందది."

తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను. పొద్దున నాకు జొన్నరొట్టె పెట్టింది ఆ చేత్తోనే. నా మొహం చూసి, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు ఉంటుందని, వాడగానే పారేస్తారని చెప్పింది. అంత పొడుగు ప్లాస్టిక్‌ను ఒక్కసారికే పారేస్తారా అని రెండోసారి అదిరిపడ్డాను.

నేను చదివింది మూడో తరగతి. పెళ్లయి సూరత్‌కు వచ్చిన నాటి నుంచి బమ్రోలిలోనే ఉన్నాను. నా భర్త మరమగ్గాల మీదనే బతికాడు, కొడుకూ అంతే. మా వాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ సాంచాల చప్పుడు ఆగితే నాకు మెలకువ వస్తుంది. మా ఇంట్లో పన్నెండో తరగతి దాటింది మనవరాలు ఒక్కతే. డాక్టరు చదువుకు పరీక్ష రాస్తానన్నప్పుడు మా గల్లీ చివర మా తెలుగువాళ్లు కట్టుకున్న పోచమ్మ గుడికి పోయి మొక్కాను. పిల్లకు డాక్టరు సీటు రావాలి, చదువు నడుమ ఆగకుండా సాగాలి, నీకు మేకపోతును ఇస్తానని.

సీటు వచ్చింది. పశువుల డాక్టరు సీటు.

ఆ మాట విని మా మరిది గడపలో కూర్చుని పగలబడి నవ్వాడు. "వదినె, నువ్వు మొక్కింది డాక్టరు సీటుకు. వచ్చింది గొడ్ల డాక్టరు. సగం మేక ఇస్తె సరిపోతదేమో, అమ్మను జర అడుగు."

"ఏ డాక్టరో నేను చెప్పలే. తప్పు నాదే. మేక నిండుగనే ఇస్త," అన్నాను.

ఆ చదువు ఇంట్లోకి ఎట్లా వస్తుందో నేను ఊహించలేదు. పిల్ల పొద్దున్నే బస్సు ఎక్కి కాలేజీకి పోతుంది. సాయంత్రం దిగేసరికి పేడ, మందులు, ఇంకా నేను పేరు పెట్టలేని వాసనలు ఆమె కంటే ముందు గల్లీలోకి వస్తాయి. గడప బయటే బకెట్ పెట్టేదాన్ని, కాళ్లూ చేతులూ కడిగితే గాని లోపలికి రానిచ్చేదాన్ని కాదు. కొన్ని రోజులు బార్డోలీ వైపు పల్లెల్లో గేదెలకు సూదులు వేయడానికి తీసుకుపోయేవాళ్లు. ఆ రోజుల్లో చెరకు ఆకు గీరిన గాట్లు కూడా చేతుల నిండా ఉండేవి. ఒక ఆదివారం చుట్టాలు వచ్చి మటన్ తిని లేచాక, ఈ పిల్ల అందరి ప్లేట్ల నుంచీ బొక్కలు ఏరుకుంది. వాటిని నా పాత అల్యూమినియం గిన్నెలో సోడా వేసి ఉడికించి, మేడ మీద ఆరబెట్టి, "ఇది మోకాలు, ఇది జబ్బ" అని ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. బట్టలు ఆరేయడానికి పైకి పోయిన నేను అక్కడే బిగుసుకుపోయాను. చుట్టాలు తిన్న మేక మళ్లీ లేచి నిలబడడానికి సిద్ధమవుతున్నట్టుంది. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడలేదు. పారేయనూ లేదు.

మొక్కు తీర్చడానికి ఆషాఢంలో మేకపోతును తెచ్చాడు నా కొడుకు. టెంపోలో వానకు తడుస్తూ వచ్చింది. నల్లటి ఒళ్లు, ఒక చెవి తెలుపు. మేడ మీద రేకు కింద కట్టేశాం. మర్నాటికే దగ్గు మొదలైంది, మేత ముట్టలేదు. పిల్ల కాలేజీ నుంచి రాగానే దాని పక్కటెముకల మీద చెవి ఆనించి విని, లేచి, తండ్రితో, "బాపూ, ఊపిరితిత్తులల్ల జలుబు దిగింది. దవాఖానకు పట్కపోదాం," అంది. పశువుల దవాఖానలో సూదులు వేశారు. మేక లేచి తిరిగింది. నేను సంతోషపడ్డాను. అమ్మవారికి జబ్బు మేకను ఇవ్వకూడదు కదా.

ఆ సంతోషం మీద పిల్ల నీళ్లు పోసింది. "బాపమ్మా, వచ్చే ఆదివారం దీన్ని కొయ్యొద్దు. మందు ఒంట్ల ఉన్నన్ని రోజులు దీని కూర తినరాదు."

ఆ ఆదివారమే బోనాలు. ఆషాఢంలో అదే ఆఖరి ఆదివారం. గల్లీ అంతా చెప్పేశాను. నా మనసులో భయం ఒక్కటే: మొక్కు మాట తప్పితే పిల్ల చదువు నడుమనే ఆగుతుంది.

మరిది తేలిగ్గా తీసిపారేశాడు. "మసాల వడ్డంక మందు ఏడుంటదే?"

"మసాలకు పోదు చిన్నతాతా. ఎంత ఉడకబెట్టినా పూర్తిగ పోదు."

"అయితె నువ్వు తినకు," అన్నాను నేను.

"నేనొక్కదాన్ని తినకుంటె ఏమైతది? గల్లీల చిన్న పిల్లలకు గూడ పెడ్తవ్ గద," అంది. గొంతు పెంచలేదు. "నన్ను డాక్టరు చెయ్యమనే మొక్కినవ్. పోచమ్మ చేస్తున్నది. ఇగ నా మాట నువ్వే వినకపోతె, రేపు ఊర్లల్ల ఎవలు వింటరు?"

ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు. చెంప మీద కొట్టినట్టయింది. కోపం రాలేదు, అదే నాకు ఇంకా వింతగా తోచింది. ఆదివారం నాడు బోనం ఒక్కటే ఎత్తుకుని పోయి, మేకను దసరాకు ఇస్తానని అమ్మవారికి చెప్పుకుని వచ్చాను. శ్రావణంలో మేం నీచు ముట్టం. తర్వాత గణపతి పండుగ, ఆ తర్వాత పెద్దలకు బియ్యం ఇచ్చే రోజులు. మేకను మావాళ్లు యాట అంటారు, యాట కూర అంటే దసరానే. అంటే ఆ మేకను అన్నాళ్లూ మేపాలి. కూరగాయల బజారు మూసే వేళకు పోయి, పారేసిన గోబీ ఆకులు సంచిలో నింపుకుని వచ్చేదాన్ని.

మేడ మీద ఉన్న మేక మా పిల్లకు ఇంకో కాలేజీ అయింది. సాయంత్రం బస్సు దిగి రావడం, కాళ్లు కడుక్కోవడం, పైకి ఎక్కడం. కొమ్ములు పట్టుకోవడం నా పని. జ్వరం చూస్తానని గాజు గొట్టం తీస్తే నోట్లో పెడుతుందనుకుని మేక నోరు తెరవబోయాను. ఆమె తోక ఎత్తింది. నేను మొహం తిప్పుకున్నాను.

"రోజూ గిక్కడనేనా?"

"అక్కడనే సరిగ్గ తెలుస్తది బాపమ్మా. నీకు గూడ పెట్టమంటవా?"

"నోర్ముయ్యి," అన్నాను గాని, నవ్వు ఆపుకోలేకపోయాను.

ఒకరోజు చెవులకు పెట్టుకునే గొట్టం నా చెవుల్లో పెట్టి, రెండో కొసను మేక ఎడమ డొక్క మీద ఆనించింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరం నుంచి ఉరుము లాంటిది దొర్లుకుంటూ వచ్చి, పెద్దదై, మళ్లీ పోయింది. గొట్టం లాగేసుకున్నాను. పెద్ద పొట్ట మేతను కలిపే చప్పుడట అది. అది ఆగిపోతే మేకకు బాగోలేనట్టట. గోడవతల మా సాంచాలు నడుస్తున్నాయి. ఇన్నేళ్లుగా ఎన్ని మేకలను వండి వడ్డించానో, వాటి లోపల ఇంత చప్పుడు నడుస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మేకను పరీక్షించే ముందు పిల్ల ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లు దాని వీపు మీద పోసి చేత్తో రాసేది. చెయ్యంటే, తడంటే భయం పోతే గాని పశువు నిలబడదని కాలేజీలో చెప్పారట. మొదట్లో నీళ్లు పడగానే అది ఒళ్లంతా జాడించేది. నా చీర తడిసి ముద్దయ్యేది, నేను ఇద్దరినీ తిట్టేదాన్ని. పోను పోను జాడించడం మానేసింది. మగ్గు చప్పుడు వింటే తనే వచ్చి వీపు ఒగ్గి నిలబడేది. ఉతుకు తగ్గిందని నేను సంతోషించాను.

దసరా వచ్చింది. మేక మెడలో వేపమండలు కట్టి, నుదుట పసుపూ కుంకుమా పెట్టి గుడి ముందుకు నడిపించాం. కొయ్యడం అక్కడ కాదు. చుట్టూ గుజరాతీ ఇళ్లు ఉన్నాయి, వాళ్ల కళ్ల ముందు మేం ఆ పని చెయ్యం. గుడి ముందు పసుపు నీళ్లు పోసి అడగడం మాత్రమే, తర్వాత పని మటన్ దుకాణం వెనుక వాకిట్లో. నీళ్లు పడ్డాక మేక ఒళ్లు జాడించాలి. జాడిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. జాడించని మేకను మావాళ్లు కొయ్యరు.

డప్పు మోగుతోంది. మరిది చెంబెడు నీళ్లు వీపు మీద పోశాడు. మేక కదల్లేదు. ఇంకో చెంబు పోశాడు. అది నడుము కొంచెం వంచి, వీపు ఒగ్గి నిలబడి, తల తిప్పి జనంలో మా పిల్ల కోసం వెతికింది. తర్వాత రావలసిన గొట్టం ఇంకా రాలేదేమని చూసినట్టుంది.

మూడో చెంబుకు డప్పు ఆగిపోయింది.

"వదినె," మరిది గొంతు మారింది, "ఆషాఢం మొక్కును దసరాకు జరిపినవ్. అమ్మకు కోపమొచ్చింది."

ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జాడించకపోవడం అనేది అంతకు ముందు నేను ఒక్కసారి కూడా చూడలేదు. పిల్ల చదువు పోయింది, నా చేతులతో నేనే పోగొట్టాను అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది.

అప్పుడు మా పిల్ల ముందుకు వచ్చింది. "కోపం కాదు చిన్నతాతా. మేం రోజూ నీళ్లు పోసి అలవాటు చేసినం. వీపు మీద నీళ్లంటె దానికి లెక్కనే లేదు." మరిది చేతిలోని చెంబు వైపు చూసింది. "చెవుల పొయ్యున్రి. జాడిస్తది."

అందరికంటే ఎక్కువగా నేను అదిరిపోయాను. అన్నాళ్లు చేత్తో రాసిన పిల్ల. నోరు మూసుకుని ఊరుకుంటే మేక బతికేది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం మేక వైపు చూడలేదు.

"గట్ల చెప్పు," అని మరిది ఊపిరి పీల్చుకున్నాడు. మేక మొండికేస్తే చెవిలో నీళ్లు పొయ్యడం మావాళ్లకు కొత్తేమీ కాదు. తెల్ల చెవిని పైకెత్తి చెంబు వంచాడు. నేను వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు. మాట తర్వాత వచ్చింది.

"చెవుల నీళ్లు వోస్తె నేను గూడ తలకాయ ఊపుత. గది ఒప్పుకున్నట్టా?"

మరిది చేతిలోంచి చెంబు లాక్కున్నాను. "అడిగేది అడిగినం. అమ్మ ఒప్పుకోలే. యాటను ఇంటికి పట్కపోతున్న."

"మొక్కు?" అన్నాడు మరిది.

"మొక్కు నాది. నాకూ అమ్మకూ నడుమ నువ్వెందుకు?"

"మరి దసరా పూట గీ జనానికి కూర?"

కోళ్లు తెప్పించాను. దసరా నాడు మధ్యాహ్నం పూట కోళ్లు తెప్పించడమంటే ఏమిటో ఇల్లు నడిపే వాళ్లెవరినైనా అడగండి. అందరూ తిన్నారు, తింటూ నన్ను అన్నారు. ముసలిదానికి మతి పోయిందన్నారు. మొక్కు మెడ మీద ఉంచుకుని పిల్లను ఎట్లా చదివిస్తుందో చూద్దామన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మర్నాడు సాయంత్రం పిల్ల చేసే పని ఏమీ మారలేదు. కాళ్లు కడుక్కుంది, పైకి ఎక్కింది, మగ్గులో గోరువెచ్చని నీళ్లు పట్టింది. మగ్గు చప్పుడు విని మేక వచ్చి వీపు ఒగ్గింది. పిల్ల పొయ్యలేదు, నా వైపు చూసింది.

"బాపమ్మా, వచ్చే ఆషాఢంల మళ్ల అడుగుతవా?"

"అడగాలె గద."

"రోజూ పోస్తె అది ఎన్నడూ జాడియ్యది."

నాకు తెలుసు. గల్లీ చివర గుడి మీద జెండా మేడ మీదికి కనిపిస్తుంది. కాసేపు అటు చూశాను. తర్వాత మేక దగ్గరికి పోయి, రోజూ పట్టుకున్నట్టే కొమ్ములు పట్టుకున్నాను.

"పొయ్యి," అన్నాను. "నీళ్లు సల్లబడుతున్నయ్."